టిమోతీ గడ్డి పేరుతో వరిగడ్డి: నెల్లూరులో కుందేళ్ల మేత కొనేవారికి జాగ్రత్త

నెల్లూరు నగరంలోని ఒక పెంపుడు జంతువుల దుకాణంలో కుందేలు కోసం కొన్న ‘టిమోతీ గడ్డి’ (కుందేళ్లకు మేతగా వేసే విదేశీ ఎండుగడ్డి) ప్యాకెట్టులో వరిగడ్డి ఉందనీ, దానితోపాటు ఇచ్చిన రంగురంగుల దాణా తినీ తినీ మా కుందేలు దవడ పళ్లు పాడయ్యాయనీ తోటి కొనుగోలుదారులకు తెలియజేయడానికి ఇది రాస్తున్నాను. ఇలాంటి సరుకు ఆ ఒక్క దుకాణానికే పరిమితమని అనుకోలేం కనుక, కావలిలో కొన్నా, ఒంగోలులో కొన్నా ప్యాకెట్టును ఎలా పరీక్షించుకోవాలో తెలిసి ఉండటం ముఖ్యం.

ఆ ప్యాకెట్టు పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి. పైన కుందేలు బొమ్మతో ‘ఇంపోర్టెడ్ టిమోతీ’ అని ఒక అట్ట, దానికి రెండు పిన్నులు, అంతే. లోపలి గడ్డిని వేలెడు ముక్కలుగా కత్తిరించి, అణచి నింపడం వల్ల బయటినుంచి చూస్తే ఏ గడ్డో చెప్పడం కష్టం. ఇంటికి తెచ్చి పళ్లెంలో పరిచి చూస్తే, పసుపు రంగులో నిగనిగలాడే బోలు కాడలు, వేలితో నిమిరితే గరుకుగా కోసుకుపోయే ఆకులు, అడుగున నాలుగైదు తాలు గింజలు కనిపించాయి. మొలగొలుకుల వరి పండించిన నేల మీద వరిగడ్డినే విదేశీ సరుకుగా అమ్మడానికి నిజంగా ధైర్యం కావాలి.

టిమోతీ చల్లని ప్రాంతాల్లో పెరిగే గడ్డి. మన కోస్తాలో దాన్ని పండించరు. ఎండినా లేత ఆకుపచ్చ రంగు నిలుస్తుంది, వాసన ఎండిన పచ్చికలా కమ్మగా ఉంటుంది, అక్కడక్కడా చిన్న సజ్జకంకిని పోలిన గుండ్రటి వెన్ను కనిపిస్తుంది. ముతక వాసనగానీ, ముక్కు పుటాలకు తగిలే ధూళిగానీ ఉంటే అది ఏ గడ్డి అయినా తీసుకోవద్దు, ఎందుకంటే బూజు పట్టిన మేత కుందేలుకు ప్రాణాంతకం కావచ్చు.

వరిగడ్డి విషమేమీ కాదు, పడకగా పరచడానికి బాగానే పనికివస్తుంది. కానీ అందులో మాంసకృత్తులు నూటికి నాలుగైదు పాళ్లకు మించవు, సిలికా అనే గరుకు ఖనిజం ఎక్కువ, రుచి లేదు. కనుక కుందేలు దాన్ని మూతితో పక్కకు నెట్టి, గిన్నెలో ఉన్న దాణా మీదికే పోతుంది. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. మాకు ఇచ్చిన దాణాలో మొక్కజొన్న పలుకులు, పొద్దుతిరుగుడు గింజలు, ఎండు బఠానీలు, ఎరుపు, పసుపు రంగు బిళ్లలు, వాటి మధ్య కొద్దిగా గోధుమరంగు గుళికలు ఉండేవి. కుందేలు తీపివీ, పిండివీ ఏరుకుని తిని, పీచు ఉన్న గుళికలనే వదిలేసేది.

కుందేలుకు ఉండే 28 పళ్లూ బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. గడ్డిని గంటల తరబడి దవడను అటూఇటూ ఆడిస్తూ నమలడం వల్లనే దవడ పళ్లు సమంగా అరుగుతాయి, గింజలను కొరికి మింగితే ఆ అరుగుదల జరగదు. మా కుందేలు మొదట ఆకును నోట పట్టుకుని జారవిడవడం, తరువాత గడ్డం కింద బొచ్చు ఎప్పుడూ తడిగా ఉండటం, ఆపై పెంటికలు మిరియపు గింజంత చిన్నవైపోవడం వరుసగా జరిగాయి. పశువైద్యుడు చెవులు చూసే పరికరాన్నే నోట్లోకి పోనిచ్చి పరిశీలించి, కింది దవడ పళ్ల అంచులు ముళ్లలా పెరిగి నాలుకను గీస్తున్నాయని చూపించారు. మత్తు ఇచ్చి వాటిని అరగదీయవలసి వచ్చింది.

ఇది చెప్పినప్పుడు దుకాణదారు ఇచ్చిన జవాబు యథాతథంగా రాస్తున్నాను: “ఏ గడ్డి అయితే ఏముంది సార్, కుందేలు గదా! మా దగ్గర కొన్నోళ్లంతా ఈ దాణానే పెడుతుండారు, ఎవురూ ఏమీ అన్లా.” డబ్బు వాపసు ఇవ్వలేదు, బదులుగా అదే దాణా ఇంకో ప్యాకెట్టు ఇవ్వబోయారు.

ఎదిగిన కుందేలు తినేదానిలో నూటికి ఎనభై పాళ్లకు పైగా గడ్డే ఉండాలి, అదీ రోజంతా అందుబాటులో ఉండాలి. నిజమైన టిమోతీ దొరకకపోతే మన గరిక చక్కగా సరిపోతుంది, పాడి రైతుల దగ్గర దొరికే లేత నేపియర్ గడ్డి కూడా పెట్టవచ్చు. అయితే మిరప, వరి చేల గట్ల మీద కోసిన గడ్డికి పురుగుమందో కలుపుమందో తగిలి ఉండవచ్చు కనుక, ఎక్కడ కోశారో అడిగి తీసుకోవాలి. ప్రకాశం జిల్లా వారు మరొకటి గమనించాలి. కాగితం మిల్లుల కోసం విరివిగా వేసే సుబాబుల్ ఆకును మేకలు తింటున్నాయి కదా అని కుందేలుకు వేయకూడదు, అందులోని మైమోసిన్ అనే విషపదార్థం వల్ల బొచ్చు ఊడిపోతుంది. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు రోజూ కొద్దికొద్దిగా పెట్టవచ్చు. క్యారెట్ చిన్న ముక్క చాలు, అది చక్కెర ఎక్కువున్న చిరుతిండి మాత్రమే. గుళికలు కొనాలంటే అన్నీ ఒకే రంగులో, ఒకే తీరులో ఉన్నవి, పీచు 18 శాతానికి తగ్గనివి చూసి, రోజుకు ఒకటి రెండు చెంచాలకు మించకుండా వేయాలి. దాణా మార్చేటప్పుడు పాతది ఒక్కసారిగా ఆపకుండా, రెండు వారాల పాటు తగ్గిస్తూ రావాలి.

కుందేలు పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా తెల్లవారేదాకా ఆగవద్దు. దానికి వాంతి చేసుకునే శక్తి లేదు, పేగుల కదలిక ఆగితే త్వరగా చచ్చిపోతుంది. మందుల దుకాణంలో పిల్లల కోసం అమ్మే అమాక్సిసిలిన్ సిరప్ నోట్లో పోస్తే పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించి ప్రాణం మీదికి వస్తుంది. స్థానికంగా కుందేళ్లను చూసే వైద్యుడు దొరకనప్పుడు నెల్లూరు వారికి తిరుపతి పశువైద్య కళాశాల ఒక దారి.

ప్యాక్ చేసిన ఏ సరుకు మీదైనా తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, నికర బరువు, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుల ఫోన్ నంబరు ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతున్నాయి. మా ప్యాకెట్టు మీద వీటిలో ఒక్కటీ లేదు. ఇలాంటివాటిపై తూనికలు, కొలతల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల రూపాయల లోపు వ్యవహారాలకు రుసుము లేదు. నేను రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. ఇలాంటి ప్యాకెట్టు మీ ఇంట్లో ఉంటే అట్ట చింపకుండా, మిగిలిన గడ్డితో సహా బిల్లు పక్కన పెట్టి ఫోటోలు తీసి ఉంచండి.