చేతి రికార్డర్‌తో పియానో: గొడవంతా ఆటో లెవెల్‌తోనే

ఈ రికార్డర్ నేను కొన్నది ఒకే పని కోసం. నేర్చుకుంటున్న పియానో పీసుల్ని రికార్డు చేసి, నాకంటే బాగా వాయించేవాళ్లకి పంపి, ఎక్కడ బాగాలేదో చెప్పించుకోవాలి. అరచేతిలో పట్టే సైజు, పైన రెండు మైకులు, మెమరీ కార్డు. ఈ రకంవన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి కాబట్టి ఆ వివరాల జోలికి పోను. చెప్పాల్సిందల్లా ఇందులోని ఆటో లెవెల్ గురించే, అంటే రికార్డింగ్ సౌండ్‌ని తనంతట తానే సర్దే సెట్టింగ్ గురించి.

కొత్తలో దీన్ని తెగ పొగిడాను. బటన్ నొక్కి వాయించుకుంటూ పోవడమే, ఎంత గట్టిగా కొట్టినా సౌండ్ పగలదు, లెవెల్ చూసుకునే టెన్షన్ లేదు. మొదట పంపిన బాఖ్ సి మేజర్ ప్రెల్యూడ్‌కి, అదే 1722 నాటి 'వెల్ టెంపర్డ్ క్లావియర్' అనే సంకలనంలో మొట్టమొదటిది, 'భలే సమంగా వాయించారు' అన్నారు కూడా. ఆ మెప్పులో నా వేళ్ల వాటా ఎంతో, ఈ పెట్టె వాటా ఎంతో ఇప్పుడు తేల్చలేను. బాఖ్ ఆ పీసులో ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో గుర్తులేమీ రాయలేదు, అందుకే బండారం బయటపడలేదు.

షోపాన్ నాక్టర్న్ అనే పీసు దగ్గర చిక్కు వచ్చిపడింది. ఓపస్ 9లో రెండోది, ఇ ఫ్లాట్ మేజర్. చివర్లో ఒక్కసారిగా ఉప్పొంగి, తర్వాత తగ్గుతూ తగ్గుతూ వినీవినపడనంత మెల్లగా ముగుస్తుంది. విన్నవాళ్లలో ఒకరు 'క్రెషెండో (సౌండ్ క్రమంగా పెరగడం) మొదలవుతోంది గానీ ఎక్కడికీ చేరడం లేదు' అన్నారు. ఇంకొకరు 'ముగింపు అంత గట్టిగా ఎందుకు?' అని అడిగారు. సరేనని ఉప్పొంగే చోట ఇంకాస్త బలం పెట్టాను. మళ్లీ అదే మాట. ఇంకా బలం పెట్టాను. మణికట్టు నొప్పి వచ్చింది గానీ రికార్డింగ్‌లో తేడా రాలేదు.

పట్టిచ్చింది గోడగడియారం. వాయిస్తున్నప్పుడు అది ఉందన్న ధ్యాసే ఉండదు. కానీ రికార్డింగ్‌లో, చివరి కార్డులు (ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు) తగ్గుతున్నకొద్దీ టిక్‌టిక్ పెరుగుతూ వచ్చింది. గడియారం తనంతట తాను గొంతు పెంచదు కదా! అప్పుడు ఒకే కీ నొక్కి, పెడల్ వదలకుండా, మోత పూర్తిగా చచ్చేదాకా ఆగి, ఆటో లెవెల్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి రికార్డు చేశాను. తీసేసినప్పుడు పియానో పియానోలాగే వినిపించింది: సుత్తి తగిలిన క్షణం గట్టిగా, ఆపైన తరుగుదల. ఆటోలో మాత్రం స్వరం హార్మోనియంలా నిలబడిపోయింది. మోత తగ్గగానే ఇది మైకు పెంచుతుంది, పెరగ్గానే తగ్గిస్తుంది. నేను ఎంత బలంగా కొడితే అది అంత కిందికి లాగింది. మాటలు రికార్డు చేసుకునేవాళ్లకి ఇది వరమే. పియానోకి కాదు, ఎందుకంటే పియానో వాయించేవాడి చేతిలో ఉన్నదే ఆ హెచ్చుతగ్గులు.

అలాగని అప్పటిదాకా వచ్చిన సలహాలన్నీ వృథా కాలేదు. తప్పు స్వరాలు, లయ, పెడల్ మార్చక కార్డులు కలగాపులగం కావడం, ఎడమచెయ్యి రాగాన్ని మింగెయ్యడం, ఇవన్నీ నిజాలే. ఒకే క్షణంలో మోగే స్వరాలన్నిటినీ ఈ పెట్టె కలిపే పెంచుతుంది, కలిపే తగ్గిస్తుంది, కాబట్టి రెండు చేతుల మధ్య తూకం చెడదు. చెడేది సంగీత వాక్యం పొడుగునా ఉండే ఎత్తుపల్లాలు. ఆ సలహాల్ని మాత్రం పక్కన పెట్టాను.

ఆటో తీసేసి హాయిగా ఉంటే, ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత అది చెప్పాపెట్టకుండా మళ్లీ ఆన్ అయింది. అప్పుడు రికార్డు చేసింది బెతోవెన్ మూన్‌లైట్ సొనాటా మొదటి భాగం. ఆసాంతం పియానిసిమోలో, అంటే చాలా తక్కువ సౌండ్‌తో ఉండాలని స్వరకర్తే రాసిన సంగీతం! పంపినవాళ్లంతా మర్యాదగా 'కొంచెం సౌండ్ తగ్గించి...' అన్నారు. దీని కోపం ఇంకా తగ్గలేదు. ఆ సెట్టింగ్ మెనూలో మూడు పొరల లోపల ఉంటుంది, స్క్రీన్ మీద గుర్తు కూడా కనపడదు.

ఇప్పుడు నా పద్ధతి ఇది. పీసులో అన్నిటికంటే గట్టి చోటు ముందు వాయించి, సౌండ్ మీటర్ -12 డీబీ దగ్గర, అంటే హద్దుకి కాస్త కింద, ఆగేలా పెట్టి, ఇక ముట్టుకోను. రికార్డింగ్ 24 బిట్ (సన్నని శబ్దాల్నీ వివరంగా పట్టే రకం) కాబట్టి ఫైలులో సౌండ్ తక్కువగా ఉన్నా నష్టం లేదు, తర్వాత మొత్తాన్ని ఒకేలా పెంచుకోవచ్చు. లిమిటర్ ఉంచుతాను, అది సౌండ్ హద్దు దాటినప్పుడే కలగజేసుకుంటుంది. పంపేటప్పుడు వాయిస్ మెసేజ్‌గా కాకుండా ఫైలుగానే పంపుతాను, లేకపోతే ఇంత శ్రమా కుదింపులో పోతుంది.

కొనమంటారా అంటే, నాది అప్‌రైట్ పియానో, చిన్న గది, కంప్యూటర్‌లో ఎడిటింగ్ అంటే విసుగు. నా అవసరానికి మైకుల నాణ్యత సరిపోయింది, అందుకే ఇంకా వాడుతున్నాను. డిజిటల్ పియానో ఉన్నవాళ్లు లైన్ అవుట్ (సౌండ్ బయటికిచ్చే సాకెట్) నుంచి నేరుగా తీసుకుంటే గది చప్పుడు, గడియారం గొడవ ఉండవు, కానీ లెవెల్ అక్కడా చేత్తోనే పెట్టాలి. ఆటో లెవెల్‌కి బయటే స్విచ్ ఉన్న మోడల్ దొరికితే, మైకులు కాస్త తక్కువ రకమైనా, ఈసారి నేను అదే తీసుకుంటాను.