ఒకటో తరగతి గోడకు ఏది మేలు: కొన్న చార్టా, ప్రింట్ తీసిన బొమ్మా, పిల్లలు చేసిందా?

జూన్ 12న బడి తెరుస్తారనగా మా టీచర్ల గ్రూపుల్లో ఒకటే మాట. "ఈసారి క్లాస్‌రూమ్ ఏం డెకరేట్ చేస్తున్నారు?" ఒకరు ఫ్లెక్సీ డిజైన్ పెడతారు. ఇంకొకరు నెట్‌లో దొరికిన బొమ్మల ఫైలు పంపిస్తారు. మరొకరు సెలవుల్లో కూర్చుని తామే గోడ మీద వేసిన చెట్టు ఫొటో పెడతారు. చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. ఏది తెచ్చుకోవాలో తేల్చుకోవడమే కష్టం, ఎందుకంటే పెట్టే డబ్బు చాలాసార్లు మన చేతిదే.

పదకొండేళ్లుగా మండల పరిషత్ బళ్లలో ఒకటి, రెండు తరగతులకే చెబుతున్నాను. కొన్నవి, ప్రింట్ తీసినవి, నేను చేసినవి, పిల్లలు చేసినవి, అన్నిటినీ గోడకెక్కించి చూశాను. నా లెక్క ముందే చెబుతాను. ఏడాదంతా మారకుండా ఉండాల్సినవి కొనుక్కోండి. కాలంతో పాటు మారాల్సినవి మాత్రం పిల్లల చేతే చేయించండి.

కొన్నవి

షాపులో దొరికే అచ్చు చార్టుతో ఉన్న పెద్ద సుఖం అక్షరం పొందిక. అచ్చులు, హల్లులు, గుణింతాలు, అంకెలు, ఇవి నాలుగూ అచ్చులోనే ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. ఒక ఏడాది వర్ణమాల నేనే స్కెచ్ పెన్నుతో రాశాను. నా చేతిలో ఘ, మ, య మూడూ కాస్త ఒకే పోలికతో వచ్చాయి. దసరా సెలవుల నాటికి నోటుబుక్కులన్నిటిలో అదే పోలిక. సరిదిద్దడానికి సంక్రాంతి దాకా పట్టింది. ఆ తర్వాత వర్ణమాల విషయంలో మళ్లీ ఆ పొరపాటు చేయలేదు.

ఋతువుల చార్టు సంగతి వేరు. ఆరు గడులు, వసంతంలో కోయిల, వర్ష ఋతువులో గొడుగు, శిశిరంలో మోడు. తగిలించిన రోజు పిల్లలు దాని చుట్టూ మూగుతారు, వేళ్లు పెట్టి చూస్తారు. పది రోజులకు అది గోడలో కలిసిపోతుంది. బయట వాన పడుతున్నా, ఎండ కాస్తున్నా ఆ ఆరు బొమ్మలూ అలాగే ఉంటాయి. మారని దాన్ని చూపించి మార్పు గురించి చెప్పడం ఎలా?

ఫ్లెక్సీకి ఇంకో ఇబ్బంది ఉంది. ఒకసారి మా టౌనులో ఒక షాపులో ఋతువుల ఫ్లెక్సీ చేయించాను. నేను రాసిచ్చింది 'శరదృతువు'. వాళ్లు కొట్టింది 'శరధృతువు'. బడికి తెచ్చి విప్పాక చూసుకున్నాను. ఆ ధ మీద కాగితం ముక్క అంటిస్తే పిల్లలు మూడోనాటికి పీకేశారు. ఆర్డర్ ఇచ్చేవాళ్లు ప్రూఫ్ ఫోన్‌లో కాకుండా షాపుకెళ్లి పెద్ద స్క్రీన్ మీద ఒక్కో మాటా కూడబలుక్కుని చూసుకోండి.

థర్మాకోల్ కటౌట్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో అలంకరణకు వాడే థర్మాకోల్ కూడా ఉంది. ప్లాస్టిక్ జెండాలు, బుడగలకు కట్టే ప్లాస్టిక్ పుల్లలు, 100 మైక్రాన్ల కన్నా పల్చటి పీవీసీ బ్యానర్లు కూడా అదే జాబితాలో ఉన్నాయి. పిల్లలకు పంద్రాగస్టు అంటే జెండాయే కాబట్టి కాగితం జెండాలు కొనండి, లేదా చేయించండి.

ప్రింట్ తీసినవి

నెట్‌లో 'సీజన్స్' అని వెతికితే నాలుగు గడుల బొమ్మ వస్తుంది. ఒకదానిలో ఎర్రటి మేపుల్ ఆకులు, ఇంకోదానిలో మెడకు మఫ్లరు చుట్టుకున్న మంచుమనిషి. ఇవి ఆ దేశాల పిల్లలకు నిజం. మా పిల్లలకు చలికాలమంటే పొద్దున్నే నోట్లోంచి పొగ వస్తుంటే ఒకరినొకరు చూసుకుని నవ్వుకోవడం, ఎండుటాకులు పోగేసుకుని చలి కాచుకోవడం, జేబు నిండా రేగిపళ్లు. మంచుమనిషికి రంగు వేయించి "ఇదే చలికాలం" అని చెప్తే, ఆ పిల్ల తన ఒంటికి తెలిసిన చలిని పక్కనపెట్టి నా మాట నమ్ముతుంది. అది నాకు బాధగా ఉంటుంది.

అమెరికాలో శని, ఆదివారాలు తెలుగు నేర్పే టీచర్లకు ఈ మాట తిరగేసి వర్తిస్తుంది. అక్కడి పిల్లకు అక్టోబర్‌లో కాళ్ల కింద గలగలలాడేది మేపుల్ ఆకే. దాని మీదే 'ఆకు', 'ఎరుపు', 'రాలింది' అని తెలుగులో రాయించడం మేలు. మామిడి తోరణం బొమ్మ ప్రింట్ తీసి ఇస్తే అది ఆ పిల్లకు మన మంచుమనిషి లాంటిదే అవుతుంది.

ప్రింట్‌లో పనికొచ్చేది లేకపోలేదు. ప్రభుత్వ విద్యా వెబ్‌సైట్ అయిన దీక్షా పోర్టల్‌లో మన రాష్ట్రాల పాఠ్యపుస్తకాలకు సంబంధించిన సామగ్రి ఉచితంగా దొరుకుతుంది. 3 నుంచి 8 ఏళ్ల పిల్లల కోసం, జాతీయ పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ సంస్థ 2023 ఫిబ్రవరిలో తెచ్చిన 'జాదుయీ పిటారా' పెట్టెలో ఆటవస్తువులు, తోలుబొమ్మల్లాంటి ఆడించే బొమ్మలు, పజిళ్లు, కార్డులు ఉంటాయి. ఆ ధోరణి నాకు నచ్చింది, ఎందుకంటే అవి గోడకు తగిలించేవి కావు, చేత్తో పట్టుకుని ఆడుకునేవి. ప్రింట్ తీసుకునే వాళ్లకు నేను చెప్పేది ఒకటే. కలర్ ప్రింట్ వద్దు, గీతల బొమ్మ ఒక్కటి నలుపు తెలుపులో తీసి జిరాక్స్ చేయించుకోండి. మాస్కులకు, వేలిబొమ్మలకు అది చాలు. ఒక్కోసారి కంప్యూటర్‌లో ఒత్తులు విడిపోయి 'అమ్మ' కాస్తా 'అమ్‌మ' అయిపోతుంది, అది ఒక్కటి చూసుకోండి.

టీచర్ చేసినవి

పాఠం చెప్పడానికి మేమే చేసుకునే సామగ్రిని టీఎల్ఎం అంటాం. దాన్ని ప్రదర్శించే మేళా ఉందంటే రాత్రి పదకొండు దాకా కూర్చుని కత్తిరించి అంటించే టీచర్లు ఎందరో నాకు తెలుసు, నేనూ వాళ్లలో ఒకదాన్ని. అట్టతో చేసిన ఋతు చక్రం, తిప్పితే బొమ్మ మారేది, చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో అందరూ మెచ్చుకున్నారు. బడికి తెచ్చాక పిల్లలు చింపేస్తారన్న భయంతో బీరువాలో దాచాను. పిల్లల కోసం చేసింది పిల్లలకు అందకుండా రెండేళ్లు బీరువాలోనే ఉంది. చివరికి తీసి వాళ్లకే ఇచ్చేశాను. నాలుగు రోజుల్లో పిన్ను ఊడింది, కానీ ఆ నాలుగు రోజుల్లో ఆరు ఋతువుల పేర్లూ అందరికీ వచ్చేశాయి.

పిల్లలు చేసినవి

నా ఓటు దీనికే, కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

వానాకాలంతోనే మొదలుపెడదాం, మన బడి ఏడాది మొదలయ్యేది దానితోనే. పుస్తకం ప్రకారం వర్ష ఋతువంటే శ్రావణం, భాద్రపదం. కానీ పిల్లలు బడికొచ్చిన జూన్‌లోనే వాన మొదలవుతుంది. అందుకే చిన్నవాళ్లకు నేను మొదట కార్తెలు చెబుతాను, నెలలు తర్వాత. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర వస్తుంది, అది ఏరువాక కాలం. 21, 22 నాటికి ఆరుద్ర. ఇంట్లో తాతలు అనే మాటలే ఇవి, పిల్లలకు కొత్తగా ఉండవు.

ఓ ఏడాది ఆరుద్ర కార్తెలో ఒక పిల్లాడు అగ్గిపెట్టె పట్టుకొచ్చాడు. తెరిస్తే లోపల తడిమట్టి, దానిమీద ఎర్రటి ఆరుద్ర పురుగు. ఒక పిల్ల వేలితో తాకి "టీచర్, మా అమ్మ వెల్వెట్ జాకెట్టులా ఉంది" అంది. కాళ్లు లెక్కపెట్టాం, ఎనిమిది. ఈగకు ఆరే కదా అని ఎవరో అన్నారు. ఆ రోజు పాఠం పక్కన పెట్టాను. అందరూ ఎర్ర రంగులో బొటనవేలు ముంచి ముద్ర వేసి, స్కెచ్ పెన్నుతో ఎనిమిది కాళ్లు గీశారు. మధ్యాహ్నం పురుగును వేపచెట్టు కింద వదిలేసి వచ్చారు. ఆ ముద్రల కాగితం శ్రావణం దాకా తాడు మీద వేలాడింది. ఎవరొచ్చినా పిల్లలు ముందు అక్కడికే లాక్కెళ్లేవాళ్లు.

గోడకున్న మరో కాగితం వానపట్టీ. ఒక షీటు మీద నెలకు ముప్ఫై గడులు. వాన పడిన రోజు ఒకరు నీలం వేలిముద్ర, ఎండ కాసిన రోజు పసుపు ముద్ర. నెలాఖరున నీలాలెన్ని, పసుపులెన్ని అని లెక్కపెడతాం. ఏ షాపు చార్టులోనూ మా ఊళ్లో నిన్న పడిన వాన ఉండదు.

శరత్తు వస్తే తెలంగాణ బళ్లలో వెతుక్కోనక్కర్లేదు. తంగేడు, గునుగు, బంతి, చామంతి, పిల్లల చేతుల నిండా బతుకమ్మ పూలే. పూలను పేర్లతో వేరుచేయించడం, వరసలు పేర్పించడం, వరసకెన్నో లెక్కపెట్టించడం, అంతా చదువే. హేమంతంలో సంక్రాంతి ముగ్గులు. ఐదు చుక్కల ముగ్గు వేయిస్తాను, పైనుంచి ఒకటి, మూడు, ఐదు, మూడు, ఒకటి. మొత్తం పదమూడు చుక్కలు. బయట సుద్దముక్కతో వేసి, మర్నాడు కాగితం మీద కందిగింజలు అంటించి వేస్తారు. శిశిరంలో రాలిన ఆకులు, మోదుగు పూలు. వసంతం ఒంటిపూట బడుల్లో పడుతుంది, వేప పూత, మామిడి పిందెలతో సరిపెడతాను. ఎండలు ముదిరేసరికి సెలవులు వచ్చేస్తాయి.

కష్టాలు లేవని అనను. ముప్ఫై మంది పిల్లలు రంగు ముట్టుకుంటే గది సర్దడానికి అరగంట పడుతుంది. ఆకులు మూడో రోజుకే ముడుచుకుపోతాయి. పాత పేపర్ మడతల్లో పెట్టి పైన ఇటుకలు పేర్చి వారం ఉంచితే నిలుస్తాయి. వానాకాలంలో గోడ చెమర్చి టేపు ఊడిపోతుంది. మైదా జిగురుతో అంటిస్తే బొద్దింకలు పడతాయి. జిగురులో తుత్తం కలిపితే పురుగు పట్టదంటారు కానీ అది విషం, పిల్లలుండే చోట అస్సలు వద్దు. నేను రెండు మేకుల మధ్య పురికొస కట్టి బట్టల క్లిప్పులతో తగిలిస్తున్నాను. గోడ పాడవదు, మార్చడం తేలిక, క్లిప్పు తీసి పెట్టడం పిల్లలకు వేళ్ల కసరత్తు కూడా.

అసలు టెన్షన్ అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు. "నీట్‌గా లేదమ్మా" అన్న మాట నేనూ పడ్డాను. ఇప్పుడు ఒక పిల్లనో పిల్లాడినో పిలిచి "ఇది నువ్వేసిందే కదా, చెప్పు" అంటాను. వాళ్లు చెప్పడం మొదలుపెట్టాక నీట్ సంగతి మళ్లీ రాలేదు.

పండగల లెక్కనా, ఋతువుల లెక్కనా?

చాలామంది గోడను పండగల లెక్కన మారుస్తారు. చవితికి వినాయకుడు, డిసెంబర్‌లో క్రిస్మస్ చెట్టు, జనవరిలో గాలిపటాలు. పిల్లలకు హుషారే, కానీ పండగ మర్నాటికి ఆ బొమ్మ పాతబడిపోతుంది, మళ్లీ కొత్తది తేవాలి. ఋతువైతే రెండు నెలలు నడుస్తుంది. పైగా ఏ ఇంటి పండగ ఏదైనా వాన అందరి ఇంటి మీదా పడుతుంది. నేను ఋతువునే గోడగా పెట్టుకుని, పండగ వచ్చినప్పుడు ఆ ఇంటి పిల్లలు తెచ్చినదాన్ని అందులో చేరుస్తాను. చలికాలం తాడు మీద ఒక పిల్ల చేసిన కాగితం నక్షత్రం, ఇంకొకరి గాలిపటం పక్కపక్కన ఉంటాయి. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుగానే వస్తుంది కాబట్టి నెలవంక ఒక్కో ఏడాది ఒక్కో ఋతువులో కనిపిస్తుంది.

ఎంత నింపాలి?

ఏది ఎంచుకున్నా గోడంతా నింపొద్దు. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు కొన్ని పాఠాలు అలంకరణలతో నిండిన గదిలో, కొన్ని ఏమీ లేని గదిలో చెప్పారు. నిండిన గదిలో పిల్లల ధ్యాస పాఠం మీద లేని సమయం 38.6 శాతం, ఖాళీ గదిలో 28.4 శాతం. అది చదివాక నల్లబల్ల ఉన్న గోడ మీద వర్ణమాల, అంకెల చార్టులు కూడా తీసేశాను. అవి ఇప్పుడు కుడివైపు గోడకు ఉన్నాయి. ఋతువు తాడు వెనక గోడకు. నేల మీద కూర్చున్న పిల్ల కళ్లు రెండడుగుల ఎత్తులో ఉంటాయి, మన కళ్ల ఎత్తున తగిలించినవి మనకే కనిపిస్తాయి. నా తాడు నా నడుము కంటే కిందే ఉంటుంది.

ఒకే గదిలో రెండు తరగతులు నడిపే టీచర్లకు, చేతిలో కాస్త డబ్బే ఉన్నవాళ్లకు నా వరస ఇది. ముందు అచ్చు వర్ణమాల, అంకెల చార్టు, రెండూ లామినేషన్ చేయించి. తర్వాత డ్రాయింగ్ షీట్లు, ఎరుపు, నీలం, పసుపు రంగు సీసాలు. మిగిలిన దానితో పురికొస ఉండ ఒకటి, బట్టల క్లిప్పులు రెండు డజన్లు. క్లిప్పులు చెక్కవి తీసుకోండి, ప్లాస్టిక్‌వి పిల్లల చేతుల్లో మొదటి నెలలోనే విరిగిపోతాయి.