ఆదివారం రికార్డు: ఏడేళ్ల వాడకం తర్వాత

మా మేనమామ పోయాక ఆయన ఇంట్లో పంచుకోవడానికి రెండు మిగిలాయి. ఒకటి తెనాలి పక్కన ఎకరం మాగాణి. దాని మీద అందరికీ ఆశే. రెండోది ఇనప ట్రంకుపెట్టె నిండా పాటల ప్లేట్లు. దాని మీద ఎవరికీ లేదు. ట్రంకు నాకొచ్చింది. తెరిచి లెక్కపెడితే నిమిషానికి 78 చుట్లు తిరిగే '78 వేగం' రికార్డులు 143, 33 చుట్ల ఎల్‌పీలు 31, 45 చుట్ల చిన్న 45లు ఓ పది ఉన్నాయి.

2018 వేసవిలో యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు తగిలించుకునే రికార్డు ప్లేయర్ ఒకటి తొమ్మిది వేల చిల్లర పెట్టి కొన్నాను. అప్పటినుంచి దాదాపు ప్రతి ఆదివారం ఒక రికార్డును కంప్యూటర్లోకి ఎక్కించి ఆన్‌లైన్‌లో పెడుతున్నాను. ఊరికే పాట పెట్టి ఊరుకుంటే బాగుండేదేమో. దాని కింద ఆ వారం నాకు తోచిన రాజకీయం కూడా నాలుగు వాక్యాలు రాయడం మొదటి నెలలోనే అలవాటైంది. కరెంటు బిల్లు, వీధి డ్రైనేజీ, బస్సు చార్జీ, ఎన్నికలు, ఏదో ఒకటి. కాబట్టి ఈ సమీక్ష యంత్రానికి ఎంతో, ఆ అలవాటుకూ అంతే.

ముందు యంత్రం సంగతి. కంపెనీ పేరు రాయను. ఈ ధరలో దొరికేవన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, నా ఫిర్యాదులు దేనికైనా అతుకుతాయి. ఎల్‌పీల వరకు వంక పెట్టడానికి లేదు. గాడిలో ముల్లు పెట్టి, కంప్యూటర్లో ఆడాసిటీ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్ తెరిచి, ఎర్ర బొత్తాం నొక్కితే చాలు, వైపుకు ఇరవై నిమిషాల పాట చక్కగా దిగుతుంది. ఎల్‌పీలున్న తెలుగువాళ్ల ఇంట్లో ఘంటసాల భగవద్గీత లేకుండా ఎలా ఉంటుంది? మామయ్య ట్రంకులో అది రెండు ప్రతులుంది. మొదటి ఆదివారం దాన్నే వేశాను. పది నిమిషాలకు ఎదురు ఫ్లాటు ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పి, గొంతు తగ్గించి "ఎప్పుడు జరిగిందండీ?" అని అడిగారు. ఆ గొంతును ఇప్పుడు జనం శవయాత్ర బండి మీద తప్ప వినడం లేదు మరి. ఆయనకు కాఫీ ఇచ్చి పంపాను.

అసలు కష్టమంతా 78లతోనే. నా ప్లేయర్‌కు 33, 45 వేగాలే ఉన్నాయి. కొనేటప్పుడు చూసుకోలేదు, నా తప్పే. దానికి విరుగుడు ఉంది: 78ని 45 వేగంలో ఎక్కించి, తర్వాత కంప్యూటర్లో 1.733 రెట్లు వేగం పెంచాలి. మూడు నిమిషాల పాట ఎక్కడానికి అయిదు నిమిషాలకు పైగా పడుతుంది. అంతసేపూ గదిలో ఎవరో నిద్రమాత్ర వేసుకుని పద్యం పాడుతున్నట్టుంటుంది. మా ఆవిడకు ఈ ఘట్టమంటే పడదు. ఇంకో చిక్కు, లోపల బిగించిన ప్రీయాంప్, అంటే ముల్లు నుంచి వచ్చే సన్నటి శబ్దాన్ని పెంచే సర్క్యూట్. అది ఎల్‌పీల లెక్క ప్రకారం మంద్రాన్ని పెంచి తారాన్ని తగ్గిస్తుంది. ఆ లెక్క స్థిరపడింది 1954 తర్వాత. ఈ పాత ప్లేట్లు కోసిన రోజుల్లో కంపెనీకో లెక్క. పైగా మనం తప్పు వేగంలో తిప్పుతున్నాం. దాంతో గొంతు బానలోంచి వచ్చినట్టు వస్తుంది. ప్రీయాంప్‌ను ఆపే మీట ఉన్న ప్లేయర్ అయితే తర్వాత సరిచేసుకోవడం తేలిక. నా దానికి లేదు. కొనేవాళ్లు ముందు చూడాల్సింది ఆ మీట, తర్వాతే రంగూ రూపూ.

ముల్లు సంగతి ఇంకా ముఖ్యం. ఎల్‌పీ ముల్లు మొన 78 ముల్లు మొనలో దాదాపు నాలుగో వంతు ఉంటుంది. దాన్ని 78 గాడిలో పెడితే గోడలకు ఆనకుండా అడుక్కి జారి, అక్కడ డెబ్బై ఏళ్లుగా పేరుకున్న మట్టిని గీకుతుంది. నేను మొదటి ఆరు నెలలూ చేసిన పని అదే. వినిపించిన గరగరకు మామయ్య నిర్లక్ష్యం కారణమని ఊళ్లో అందరికీ చెప్పాను. 78 ముల్లు విడిగా తెప్పించి తగిలించాక తెలిసింది, ఆ గరగరలో సగం నాదేనని. అప్పటికే ఎక్కించిన 78లన్నీ మళ్లీ మొదటినుంచి ఎక్కించాను.

కడగడం గురించి ఒక్క మాట. ఎల్‌పీ ప్లాస్టిక్, 78 లక్క. స్పిరిట్ పెట్టి తుడిచారో, లక్క కరిగి గాడి పోతుంది. నేను డిస్టిల్డ్ వాటర్లో గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి, మెత్తటి బ్రష్‌తో గాడి వెంట గుండ్రంగా తిప్పి, మధ్య కాగితం తడవకుండా పట్టుకుని, గిన్నెల స్టాండులో నిలబెట్టి ఆరబెడతాను. వంటింట్లో పళ్లేల మధ్య హెచ్‌ఎంవీ కంపెనీ కుక్కబొమ్మ ప్లేట్లు వరసగా నిలబడి ఉంటాయి. ఇంటికొచ్చిన చుట్టాలకు ముందు చూపించేది అదే.

బీటలు వారిన నాటక పద్యం రికార్డు ఒకటుంది. అంచు నుంచి లోపలిదాకా సన్నటి గీత, విరగలేదు. ప్లేటు తిరిగిన ప్రతిసారీ ఆ గీత దగ్గర 'టక్' మంటుంది. నిమిషానికి 78 చుట్లు, మూడు నిమిషాల పద్యం, మొత్తం 234 టక్కులు. ఆడాసిటీలో అలల గీతను పెద్దది చేసి చూస్తే ప్రతి టక్కూ తుమ్మముల్లులా నిలువుగా లేచి కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుని 'రిపేర్' నొక్కితే ఆ చోటును అటూ ఇటూ ఉన్న శబ్దంతో పూడ్చేస్తుంది. ఒక్కసారికి 128 శాంపిళ్లకు (కంప్యూటర్ శబ్దాన్ని దాచుకునే అతి చిన్న ముక్కలు) మించి పూడ్చదు. అంటే సుమారు సెకనులో మూడు వందలో వంతు. నాలుగు రాత్రులు కూర్చున్నాను. నటుడు ఆలాపనలో మెలిక తిప్పే చోట ఓ టక్కు పడింది. దాన్ని పూడిస్తే మెలిక మొద్దుబారింది. తిరిగి ఉంచేశాను.

ప్లేటును తిప్పే రబ్బరు బెల్టు సాగిపోవడం మరో బాధ. ఎండాకాలం వస్తే శ్రుతి జారుతుంది. వేగం కొలవడానికి చారల కాగితపు బిళ్ల ఉంటుంది. మన 50 హెర్ట్జ్ కరెంటు దీపం కింద 33 వేగానికి 180 చారలు కదలకుండా నిలబడ్డట్టు కనిపించాలి. అయితే ఎల్‌ఈడీ బల్బుల కింద చాలాసార్లు ఆ చారలు అలుక్కుపోతాయి, చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటే కావాలి. ఇల్లంతా ఎల్‌ఈడీకి మారినా ఈ గదిలో మాత్రం మినుకుమినుకుమనే ట్యూబ్‌లైటును కాపాడుకుంటున్నాను. ఎలక్ట్రీషియన్‌కు కారణం చెప్పే ప్రయత్నం మానేశాను.

ఇక పాట కింది మాటలు. మొదట్లో నేననుకున్నది, పాట అందరిదీ, అభిప్రాయం నాది, రెండూ పక్కపక్కన పడి ఉంటాయని. ఉండవు. 2024 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో పొత్తుల సీట్ల పంపకం నడుస్తోంది. నేను ఆ ధ్యాసే లేకుండా ట్రంకులో వరసలో చేతికొచ్చిన రాయబారం పద్యాల రికార్డు పెట్టాను. కింద రాసింది మా అపార్ట్‌మెంటుకు వచ్చే నీళ్ల ట్యాంకరు ధర గురించి. ట్యాంకరు ఊసు ఒక్కరు ఎత్తితే ఒట్టు. అయిదూళ్లడిగింది ఎవరు, సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నది ఎవరు అంటూ పాత్రలు పంచుకోవడం మొదలుపెట్టారు. శకుని వేషానికి పోటీ మరీ ఎక్కువగా ఉంది. మే 13న పోలింగ్ అయ్యేదాకా ఆ పద్యం కింద యుద్ధం సాగింది. నా ఏడేళ్లలో జనం ఎక్కువసార్లు విన్న రికార్డు కూడా అదే. ఎంతమంది చివరిదాకా విన్నారో అడక్కండి.

చేదు అనుభవం ఇంకొకటి. ట్రంకులో టంగుటూరి సూర్యకుమారి పాడిన 'మా తెలుగు తల్లికి' ఉంది. శంకరంబాడి సుందరాచారి రాసిన ఆ పాట ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతం. దాన్ని 2020లో నవంబర్ 1న పెట్టాను. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ రోజు కదా, సందర్భం కుదిరిందని మురిసిపోయాను. నేను ముప్ఫై ఏళ్లుగా కూకట్‌పల్లిలో ఉంటున్న గుంటూరు జిల్లావాణ్ణి. ఆ సంగతి నాకు గుర్తులేకపోయినా చదివేవాళ్లకు గుర్తుంటుంది. ఒకాయన రాశారు, బడిలో వరసలో నిలబెట్టి ఈ పాట పాడించేవారని, ఆమె గొంతు మీద కోపం లేదని, అయినా ఇవాళే పెట్టాలా అని. మర్యాదగానే రాశారు. కింద వచ్చినవాళ్లు మర్యాద పాటించలేదు. 1969 తెలంగాణ ఉద్యమం వచ్చింది, 1972 జై ఆంధ్ర వచ్చింది, 2014 విభజన వచ్చింది. మూడో రోజు నాకు భయమేసి మొత్తం వ్యాఖ్యలన్నీ తుడిచేశాను. ఆ బూతుల మధ్యే ఎవరో పెద్దమనిషి ఆ రికార్డు లేబుల్ మీది అంకెలు ఏం చెబుతాయో, ఎలా చదవాలో ఓపిగ్గా రాశారు. అదీ పోయింది. సగమే చదివాను. ఆయన మళ్లీ రాలేదు.

తప్పు దిద్దుకుందామని తెలంగాణ పాట రికార్డు కోసం ట్రంకంతా వెతికాను. ఒక్కటీ లేదు. మామయ్య కొన్నవన్నీ తెనాలి, బెజవాడ నాటకాల పద్యాలు, మద్రాసు సినిమా పాటలు. అప్పటిదాకా ఆ ట్రంకును నేను 'పాత తెలుగు పాటలు' అనేవాణ్ణి. ఒక గురువారం జుమ్మేరాత్ బజార్‌కు వెళ్లి గంటసేపు తవ్వితే, నూట యాభైకి ఒకటి చొప్పున మూడు ఉర్దూ ఖవ్వాలీ 78లు దొరికాయి. వాటిని పెట్టినప్పుడు పాతబస్తీ నుంచి ఒకావిడ, తన తండ్రి ఇరానీ హోటల్లో ఇదే విన్నారని రాసింది. 2024 జూన్ 2న 'జయ జయహే తెలంగాణ' అధికారికంగా రాష్ట్ర గీతమైన రోజున నేనేమీ పెట్టలేదు. నా ట్రంకుకు ఆ రోజుతో పని లేదని అప్పటికి తెలిసింది.

అభిప్రాయాల్లోనూ రకాలున్నాయని మెల్లగా అర్థమైంది. నాయకుడి పేరు రాస్తే అభిమానులు వస్తారు, అంకె రాస్తే మనుషులు వస్తారు. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైనప్పుడు, పథకం మంచిదా చెడ్డదా అని రాయలేదు. నేనెక్కే బస్సులో ఆ వారం నాకు సీటు ఎన్నిసార్లు దొరకలేదో రాశాను. దానికి ఇళ్లలో పనిచేసే ఒకామె కూతురు, వాళ్లమ్మకు నెలకు ఎంత మిగులుతోందో లెక్క కట్టి జవాబిచ్చింది. నిలబడి ప్రయాణించడం మీద నాకు విసుగు పోలేదు కానీ, ఆ లెక్క ముందు దాన్ని మళ్లీ రాయలేకపోయాను.

పేర్లు రాసిన రోజుల్లో జరిగిందీ చెప్పాలి. గుంటూరులో ఉండే మా బావమరిది ఒక పార్టీకి గట్టి మనిషి. ఓ ఆదివారం నేను రాసిన ఒక్క వాక్యానికి ఫోన్ చేసి, "బావా, పాటలు పెట్టుకో, మా జోలికి రాకు" అన్నాడు. రెండు నెలలు మాటల్లేవు. సంక్రాంతికి వచ్చి, పలకరించకుండానే ప్లేయర్ దగ్గర కూర్చుని, ఎన్నికల పాటల ఎల్‌పీ ఏమైనా ఉందా అని అడిగాడు. మా అబ్బాయి భయం వేరు. పోలీసులు వస్తారని వాడి బెంగ. ఆన్‌లైన్ రాతలకు కేసులు పెట్టడానికి వాడిన ఐటీ చట్టం సెక్షన్ 66ఏ ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసిందని చెబితే, "కేసు పెట్టేవాడికి తెలియాలి కదా నాన్నా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

హక్కుల గొడవ కూడా తప్పదు. మన చట్టంలో రికార్డింగు మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. పాట రాసినవారి హక్కు మాత్రం వారు పోయాక 60 ఏళ్లు. అంటే ప్లేటు మీద హక్కు గడువు తీరినా సాహిత్యం మీద తీరకపోవచ్చు. ఇదంతా చూసుకుని 1930ల నాటి పద్యం పెట్టినా, ఏదో యంత్రం పోల్చి చూసి "ఇది మాది" అని నోటీసు పంపింది. అభ్యంతరం రాసి నెల రోజులు ఎదురుచూశాక దిగివచ్చింది. ఎవరన్నది వదిలేద్దాం.

మీ ఇంట్లో పది పదిహేను రికార్డులుంటే ఈ యంత్రం కొనకండి, ఉన్నవాళ్ల దగ్గర ఎక్కించుకోండి. వంద దాటితే కొనండి, 78 వేగం ఉన్నదే కొనండి, ముల్లు విడిగా తీసుకోండి. పాట కింద రాజకీయం రాయాలా అంటే, నేను రాస్తూనే ఉంటాను, వ్యాఖ్యలు మాత్రం తుడవను. ప్రస్తుతం నాలుగో బెల్టు తిరుగుతోంది. బీటలు వారిన మరో రికార్డు గిన్నెల స్టాండులో ఆరుతోంది, ఈ ఆదివారానికి అదే. కింద ఏం రాయాలో ఇంకా తోచలేదు, ఇంటిపన్ను నోటీసు వచ్చింది కాబట్టి బహుశా దాని గురించే.