గుర్రపుశాల నడిపేవాళ్లకి మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్ కోర్సు పనికొస్తుందా?

పనికొస్తుంది. కాకపోతే సగం పనే అది చేస్తుంది, మిగతా సగం యజమాని చేసుకోవాలి. నేను రైడింగ్ స్కూలు, దానికి ఆనుకుని బయటివాళ్ల గుర్రాలు ఉంచే శాల నడుపుతున్నాను. కాబట్టి జీతాలిచ్చే మనిషికి ఈ కోర్సు ఎంతవరకు ఉపయోగమో అదే రాస్తున్నాను.

ఇది 2000లో ఆస్ట్రేలియాలో మొదలైంది. బెట్టీ కిచెనర్ అనే నర్సు, ఆమె భర్త టోనీ జోర్మ్ సాయంత్రం కుక్కను తిప్పుతూ మాట్లాడుకుంటుంటే వచ్చిన ఆలోచనట. జంతువులతో బతికేదాన్ని కదా, ఆ సంగతి నాకు భలే నచ్చింది. ఇందులో వైద్యం నేర్పరు, ఏ జబ్బో తేల్చమనరు. మనిషిలో వచ్చిన మార్పు గమనించడం, దగ్గరికెళ్లి అడగడం, తప్పుపట్టకుండా వినడం, అవసరమైతే డాక్టర్ దగ్గరికి వెళ్లేలా చూడటం నేర్పుతారు.

గమనించడంలో మనవాళ్లు నిజానికి ఆరితేరినవాళ్లు. గుర్రం మేత వదిలేసి, పక్కలకేసి చూసుకుంటూ కాలితో నేల తవ్వితే కడుపుశూల అని వెంటనే పసిగడతాం, వెటర్నరీ డాక్టర్‌కి ఫోన్ చేస్తాం. అదే శాలలో గుర్రాల్ని చూసుకునే పనివాడు, అంటే గ్రూమ్, నాలుగు రోజులుగా సరిగా తినకపోతే మాత్రం ‘ఏదో మూడ్ బాలేదులే’ అనుకుంటాం. ఆ కన్నునే మనిషి వైపు కూడా తిప్పమంటుంది ఈ కోర్సు.

నాకు బాగా ఉపయోగపడింది వినడం మీద చేయించిన అభ్యాసం. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒకరు తన బాధ చెబుతుంటే రెండోవాళ్లని సలహా ఇవ్వొద్దన్నారు. రోజంతా ‘ఇది చెయ్, అది చెయ్’ అని చెప్పే యజమానికి నోరు మూసుకుని వినడం ఎంత కష్టమో చేస్తేనే తెలుస్తుంది.

ఆ తర్వాత మా దగ్గర ఒక ముసలి గుర్రం శూల ముదిరి, ఇంక లాభం లేదని డాక్టర్ ఇంజెక్షన్ ఇచ్చి పంపేయాల్సి వచ్చింది. దాన్ని చూసుకునే కుర్రాడు మర్నాడు తెల్లారకముందే వచ్చి, ఖాళీ గదిలో గడ్డి సర్దుతూ కనిపించాడు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే మాట్లాడడని తెలుసు. పక్క గుర్రాన్ని కట్టి, నేను ఒకవైపు, తను ఒకవైపు బ్రష్ పట్టుకున్నాం. ‘రాత్రి నిద్రపట్టిందా?’ అని మాత్రం అడిగి ఊరుకున్నాను. చాలాసేపటికి ‘నేను ఇంకాస్త ముందు చూసుంటే బతికేదేమో అక్కా’ అన్నాడు. నీ తప్పేం లేదు అని గబుక్కున అనబోయి ఆపుకున్నాను. ఇంకా చాలా చెప్పాడు. చివరికి తనే, ఎవరితోనైనా మాట్లాడాలనుంది, ఎలా వెళ్లాలి అని అడిగాడు.

చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడం కూడా నేర్పుతారు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామందికి భయం. అలా పుట్టదని, అడగడం వల్ల మనిషికి చెప్పుకునే దారి దొరుకుతుందని విడమర్చి చెప్పారు. గొంతు వణక్కుండా ఆ ప్రశ్న అడగడం అక్కడే ప్రాక్టీస్ చేయించారు. ఈ ఒక్క పాఠం కోసమైనా వెళ్లొచ్చు.

లోటు ఎక్కడంటే, మా బ్యాచ్‌లో ఉదాహరణలన్నీ ఆఫీసువే: మీటింగులు, ఈమెయిళ్లు. గుర్రానికి ఆదివారం ఉండదు. పనివాళ్లు శాల పక్కనే ఉంటారు, డ్యూటీ దిగినా గుర్రాల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. కిందపడి కాలర్‌బోన్ విరిగినవాళ్లకి మళ్లీ ఎక్కాలంటే ఉండే భయం గురించి ఒక్క మాటా రాలేదు. జీతమిచ్చేవాళ్లకి మనసు విప్పి చెప్తే ఉద్యోగం పోతుందేమో అన్న భయం సంగతి నేనే అడగాల్సి వచ్చింది. ట్రైనర్ జవాబు బాగుంది: ప్రాణానికి ప్రమాదముంటే తప్ప ఎవరికీ చెప్పనని ముందే మాటివ్వండి, మీరు కాకుండా ఇంకొకరికి కూడా ఈ ట్రైనింగ్ ఇప్పించండి. మా హెడ్ గ్రూమ్‌ని అందుకే పంపాను. వాళ్లు నా దగ్గర చెప్పనివి ఆయన దగ్గర చెబుతారు.

మిగతా సగం సంగతి. మనిషికి సెలవే లేనప్పుడు ఎంత ఓపిగ్గా విన్నా ఏం లాభం? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా మేనేజర్లకి ట్రైనింగ్‌తో పాటు పని పరిస్థితులే మార్చమంటాయి. ప్రతి గుర్రం అలవాట్లూ ఇద్దరికి తెలిసేలా చేశాం, అప్పుడే ఒకరు నిశ్చింతగా సెలవు తీసుకోగలుగుతున్నారు. సెలవు రోజున గుర్రం గురించి ఫోన్ చేయకూడదన్నది నాక్కూడా వర్తిస్తుంది. రాత్రి పూట గుర్రాల యజమానుల ఫోన్లు వంతులవారీగా తీస్తున్నాం. బిల్లుల టెన్షన్ తగ్గలేదు కానీ నాకు నిద్ర పడుతోంది. యజమాని తన మనసు ఎలా చూసుకోవాలన్నది కోర్సులో మరీ పైపైన దాటేశారు, అది నాకు నచ్చలేదు.

ఐదుకి నాలుగిస్తాను. చేరేముందు ట్రైనర్‌తో మాట్లాడి మీ పని ఎలా ఉంటుందో చెప్పండి, గుర్రం చనిపోవడం, కిందపడటం, రాత్రి డ్యూటీ మీద అభ్యాసాలు పెట్టమనండి. వీలైతే మీ శాలలోనే పెట్టించుకోండి, మధ్యాహ్నం మేత వేశాక, అందరూ ఖాళీగా ఉండే వేళలో.