ఓమ్ నియమం: ఫోన్‌లో సిమ్యులేషనా, బల్ల మీద సర్క్యూటా?

పదో తరగతి పిల్లలకు ఓమ్ నియమం (వోల్టేజీ పెరిగిన కొద్దీ కరెంటూ అదే నిష్పత్తిలో పెరగడం) చూపించడానికి కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ (PhET) సిమ్యులేషన్, అంటే తెర మీదే సర్క్యూట్ కలిపి చూసే ప్రోగ్రాం, సరిపోతుందా, తీగలు కలిపించాల్సిందేనా?

ఖర్చు: ఫెట్ ఉచితం, ఫోన్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. సర్క్యూట్‌కు 1.5 వోల్టుల సెల్స్ రెండు, కరెంటును అడ్డుకునే 100 ఓమ్ రెసిస్టర్, క్లిప్పు తీగలు, వోల్టులూ ఆంపియర్లూ కొలిచే మల్టీమీటర్ కావాలి. డబ్బులు ప్రధానంగా మల్టీమీటర్‌కే.

శ్రమ: ఫెట్‌లో రెండు నిమిషాల పని. బల్ల మీద ఒక్క పీరియడ్ చాలదు.

రిస్క్: ఫెట్‌లో షార్ట్ చేస్తే తెర మీద మంటలొస్తాయి, రీసెట్ నొక్కితే సరి. బల్ల మీద 100 బదులు 10 ఓమ్ పెడితే 3 వోల్టులకు 0.3 ఆంపియర్, అంటే 0.9 వాట్, పావు వాట్ మాత్రమే తట్టుకునే రెసిస్టర్ ముట్టుకుంటే చురుక్కుమంటుంది. ఆంపియర్ రేంజిలో ఉన్న మీటర్‌ను నేరుగా సెల్ రెండు కొసలకూ కలిపితే ఫ్యూజు పోవచ్చు. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

ఫలితం: ఫెట్ గ్రాఫ్ గీత గీసినట్టు వస్తుంది. బల్ల మీద 3 వోల్టులకు 100 ఓమ్‌తో 30 మిల్లీఆంపియర్ రావాల్సిన చోట 28 రావచ్చు. బంగారు పట్టీ ఉన్న రెసిస్టర్‌లోనే 5 శాతం తేడా ఉండొచ్చు. పైగా విశాఖ ఉప్పుగాలికి క్లిప్పులు చిలుము పడతాయి, రీడింగ్ ఊగిసలాడుతుంది. గరుకు కాగితంతో రుద్దితే కుదురుకుంటుంది. నా లెక్కలో అసలు పాఠం ఈ తేడాలోనే ఉంది.

ఒక్క మీటర్‌కు నలభై మంది పిల్లలుంటే, లేదా ఎలక్ట్రాన్ల కదలిక చూపించాలంటే ఫెట్. ఇంటర్ ప్రాక్టికల్స్‌కు వెళ్లేవాళ్లకు ముందురోజు ఫెట్, మర్నాడు తీగలు.