జీపు ఫ్రంట్ యాక్సిల్ పినియన్ బేరింగులు, రెండేళ్ళు పైన వాడాక నా మాట

ముందు రిజల్ట్ చెప్పేస్తా, అందరూ అడిగేది అదే కదా. ముందు యాక్సిల్లో పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ తిప్పే చిన్న పళ్ళ చక్రం) బేరింగులు కూత పెడుతుంటే మార్పించి రెండేళ్ళు దాటింది, బండి 20 వేల కిలోమీటర్ల పైనే తిరిగింది, అందులో ఎక్కువ భాగం ఘాట్ రోడ్లే, అనంతగిరి, పాడేరు, లంబసింగి, వంజంగి కొండ మీదకి ఆ రాళ్ళ దారిలో ఫోర్ వీల్ వేసుకుని ఎక్కడం కూడా ఉంది. ఆ సౌండ్ మళ్ళీ రాలేదు, పినియన్ యోక్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ తగిలించే ముక్క) పట్టుకుని పైకీ కిందకీ ఊపితే ప్లే, అంటే వదులు, లేదు. వేసింది టిమ్‌కెన్ కంపెనీ బేరింగులు, వాటికి వంక పెట్టడానికి ఏం లేదు. కాకపోతే బేరింగుకి ఎన్ని మార్కులు వేస్తే బిగించిన మేస్త్రికి అంతకు డబుల్ వెయ్యాలి.

బండి పాత జీపు, క్రౌన్ (పినియన్ తిప్పే పెద్ద పళ్ళ చక్రం) మీద 43 పళ్ళు, పినియన్ మీద 8, అంటే చక్రం ఒక్క రౌండ్ తిరిగితే పినియన్ ఐదుంపావు పైన తిరుగుతుంది. 60 స్పీడులో చక్రం నిమిషానికి ఓ 450 తిరిగితే పినియన్ 2400 దాకా పోతుంది. అందుకే అక్కడ బేరింగు పోతే వీల్ బేరింగులాగా గుర్రు గుర్రు అనదు, 40 దాటగానే పిండిమర ఆన్ చేసినట్టు ఒకటే కూత.

సౌండ్ వస్తే ఎవరి నోటికొచ్చింది వాళ్ళు చెప్తారు, ఒకరు టైర్లన్నారు, ఒకరు గేర్‌బాక్స్ అన్నారు, పెట్రోల్ బంకు కుర్రాడు కూడా ఒక సలహా ఇచ్చాడు. లాకింగ్ హబ్బులు, అంటే ముందు చక్రాలని యాక్సిల్‌కి కలపడానికీ విడదీయడానికీ వీలున్న హబ్బులు, ఉన్న బండికి ఇంత తల నొప్పి అక్కర్లేదు. పొద్దున్నే భీమిలి రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు టూ వీల్ లోనే ఉంచి హబ్బులు లాక్ చేసి నడిపాం, కూత ఉంది. ఆపి హబ్బులు ఫ్రీ చేసి అదే స్పీడులో నడిపాం, కూత లేదు. హబ్బులు ఫ్రీ చేస్తే ముందు యాక్సిళ్ళు, డిఫరెన్షియల్, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఏవీ తిరగవు, టైర్లూ వీల్ బేరింగులూ మాత్రం ఎలాగూ తిరుగుతాయి, కాబట్టి ఆ రెండూ లిస్టులోంచి పోయాయి. తర్వాత ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేసి హబ్బులు లాక్ చేసి మళ్ళీ నడిపితే కూత అలాగే ఉంది, అంటే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్ళకి పవర్ పంచే గేర్ల పెట్టె) తప్పు కూడా లేదు. ఇక మిగిలింది క్రౌన్, పినియన్ ఉండే హౌసింగే.

డ్రెయిన్ నట్టు విప్పితే టీ రంగులో నురగ ఆయిల్, దాంట్లో మెరుపులు. బ్రీదర్ (హౌసింగ్‌లోకి గాలి వచ్చిపోయే దారి) మట్టితో పూర్తిగా మూసుకుపోయి ఉంది. వేడెక్కిన హౌసింగ్ ఒక్కసారి గెడ్డలో, అంటే వాగులో, దిగితే లోపలి గాలి ముడుచుకుని నీళ్ళని సీల్ దగ్గర్నుంచి లాగేస్తుంది, బ్రీదర్ పని చేస్తుంటే ఆ లాగుడు ఉండదు. ఆ నీళ్ళతోనే బండి నెలల తరబడి ఊరికే నిలబడింది. విప్పాక లోపలి బేరింగు కప్పు (రోలర్లు దొర్లే రింగు) మీద వరసగా సన్న గీతలు కనిపించాయి, రోలర్లు ఎంతెంత దూరంలో ఉంటాయో సరిగ్గా అంతంత దూరంలో, నిలబడినప్పుడు రోలరూ కప్పూ తగిలిన చోటల్లా తుప్పు పట్టి తినేసిందన్నమాట.

మొదట చూపించిన షెడ్డులో "కప్పులు బానే ఉన్నాయండి, కోన్లు మార్చేస్తే సరిపోద్ది, సాయంత్రానికి బండి ఇచ్చేస్తాం" అన్నారు. అక్కడ్నుంచి బండి తెచ్చేశాను. కప్పు, కోను (రోలర్లుండే ముక్క) జతగా మారాలి, పాత కప్పు మీద కొత్త రోలర్లు పెడితే ఆ గీతలే వాటిని తినేస్తాయి. లోపలిదీ బయటదీ రెండూ మార్చాలి, సీల్, నట్టు కూడా కొత్తవే వెయ్యాలి. షాపులో "జీపుది ఇవ్వండి" అని అడక్కండి, పాత కోను మీదా కప్పు మీదా నంబర్లుంటాయి, అవి చూపించి తీసుకోండి. డబ్బా మీది నంబరూ బేరింగు మీద చెక్కిన నంబరూ ఒకటేనా చూడండి, మార్కెట్లో డూప్లికేట్లు బాగానే తిరుగుతున్నాయి.

గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దొరికాడు, ఈ పాత బండ్ల పని తప్ప ఇంకోటి ముట్టుకోడు. స్టీరింగ్ నకిళ్ళు విప్పి, యాక్సిల్ షాఫ్టులు లాగి, క్రౌన్ బయటకి తీసి, ఇదంతా మామూలే. అసలు పని ఇక్కడే మొదలైంది. ఈ హౌసింగులో షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రింగులు) రెండు చోట్ల ఉంటాయి. లోపలి కప్పు వెనకాల ఉండేవి పినియన్ ఎంత లోతులో కూర్చోవాలో చూస్తాయి, బయటి బేరింగు దగ్గర పినియన్ మీద ఉండేవి ప్రీలోడ్, అంటే బేరింగుల బిగుతు, చూస్తాయి. క్రౌన్, పినియన్ పాతవే కాబట్టి లోతు షిమ్ములు అదే మందంలో పెట్టి మొదలెట్టాడు. ప్రీలోడ్ షిమ్ములు తీసేకొద్దీ బిగుతు పెరుగుతుంది.

ఈ బిగుతు కొలవడం చూడాలి మీరు. పినియన్ నట్టు 200 ఫుట్ పౌండ్ల పైన బిగించాలి, కానీ ఆ తర్వాత పినియన్ తిరగడానికి పట్టే బలం 20 అంగుళం పౌండ్లు అటూ ఇటూ మాత్రమే ఉండాలి (కొత్త బేరింగులకి, మీ బండి మాన్యువల్లో ఎంతుంటే అంత). ఆయన దగ్గర ఆ చిన్న టార్క్ రెంచి లేదు, ఫిషింగ్ హార్బర్లో చేపలు తూచేలాంటి స్ప్రింగ్ త్రాసు ఉంది. యోక్ చుట్టూ తాడు చుట్టి త్రాసుతో మెల్లగా లాగాడు. తాడు చుట్టిన చోట సెంటర్ నుంచి రెండంగుళాలు ఉంటే, నాలుగున్నర కేజీల దగ్గర ముల్లు నిలబడితే సుమారు 20 అంగుళం పౌండ్లు, లెక్క సరిపోయింది. మొదటి కుదుపు చూడకూడదు, తిరుగుతున్నప్పుడు నిలబడ్డ ముల్లే చూడాలి. సరిగ్గా రాలేదని విప్పి షిమ్ము మార్చి మళ్ళీ బిగించాడు, మళ్ళీ విప్పాడు, నాకే విసుగొచ్చింది. "చేత్తో తిప్పి బానే ఉంది అనీడం ఏటుంది బాబూ, ఎవులైనా అంటారు" అని మళ్ళీ విప్పాడు.

క్రౌన్ పెట్టాక డయల్ గేజితో బ్యాక్‌లాష్ (పళ్ళ మధ్య సందు) చూసి, పళ్ళకి రంగు పూసి ముద్ర చూశాడు. ఇక్కడో చిన్న విషయం, వెనక యాక్సిల్ డిజైనే తిప్పి ముందు పెట్టిన ఇలాంటి బండ్లలో ముందుకి పోయేటప్పుడు లోడు పంటికి కోస్ట్ వైపు (వెనక యాక్సిల్లో అయితే యాక్సిలరేటర్ వదిలినప్పుడు లోడు పడే వైపు) పడుతుంది, అందుకని డ్రైవ్ వైపు ముద్ర బాగుంది కదా అని వదిలెయ్యకుండా రెండో వైపు కూడా చూడమని అడగండి.

వాడకంలో తేలినవి చెప్తా. మొదటి రోజు ఊళ్ళో ఓ అరగంట తిప్పి హౌసింగ్ మీద చెయ్యి పెట్టాను, వెచ్చగా ఉంది, కాలలేదు. చెయ్యి పెట్టలేనంత వేడుంటే ప్రీలోడ్ ఎక్కువైనట్టే. 500 కిలోమీటర్లకి ఆయిల్ మార్చాను, సన్న పొడి వచ్చింది, తర్వాత మార్పుల్లో శుభ్రంగా ఉంది, జీఎల్-5 గ్రేడు 80-90 గేర్ ఆయిల్ వాడుతున్నాను. మొదటి వానాకాలం అయ్యాక సీల్ దగ్గర చెమ్మ కట్టింది, సీల్ మంచిదే, యోక్ మీద పాత సీల్ రాసుకుని గాడి పడిపోయింది, పల్చటి స్లీవ్ తొడిగిస్తే ఆగింది. బేరింగులతో పాటే ఆ స్లీవ్ కూడా వేయించేసుకుంటే రెండోసారి విప్పే పని తప్పుతుంది. బ్రీదర్‌కి ట్యూబు తగిలించి బానెట్ కింద దాకా తెచ్చాం, తర్వాత గెడ్డలు ఎన్ని దాటినా ఆయిల్ రంగు మారలేదు.

ఫోర్ వీల్‌లో 50 దగ్గర యాక్సిలరేటర్ వదిలితే ఒక సన్న కూత మాత్రం ఇంకా ఉంది, అది పాత పళ్ళది, కాలు నొక్కితే పోతుంది వదిలితే వస్తుంది, బేరింగు కూత అలా మారదు. కొత్త క్రౌన్ పినియన్ సెట్టు వేస్తే అదీ పోతుందన్నాడు పెద్దాయన, దానికి పెట్టే డబ్బుతో ఇంకో రెండు టైర్లు వస్తాయి, కాబట్టి దాన్ని అలాగే ఉంచుకున్నాను. హబ్బులు మాత్రం ఫోర్ వీల్ పని లేకపోయినా నెలకోసారి లాక్ చేసి బీచ్ రోడ్డు అటూ ఇటూ తిప్పుతున్నాను, లోపల ఆయిల్ పైదాకా అంటుకుంటుందని.