ఫెరారీ 328: ఇంజిన్ దించకుండానే టైమింగ్ బెల్టు మార్చుకోగల కారు

డిజైన్ సంస్థ పినిన్‌ఫరీనా గీసిన ఒంపుల గురించి, వెనక నుంచి వినిపించే వి8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) గొంతు గురించి చెప్పాల్సిందంతా జనం ఎప్పుడో చెప్పేశారు. కానీ పాత ఫెరారీని ఏళ్ల తరబడి అమ్మకుండా ఉంచుకోవాలంటే ఆ రెండే సరిపోవు. 328ని నేను ఇష్టపడటానికి పెద్ద కారణం వేరే ఉంది. దీని టైమింగ్ బెల్టులు (ఇంజిన్ వాల్వులు సరైన క్షణంలో తెరుచుకుని మూసుకునేలా చూసేవి) మార్చడానికి ఇంజిన్ కిందికి దించక్కర్లేదు.

ఇదెంత పెద్ద వరమో ఫెరారీ సొంతూరు మరనెల్లో చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1947 నాటి 125 ఎస్ మొదలు కొలంబో అనే ఇంజినీరు గీసిన వి12 ఇంజిన్లలో క్యామ్‌షాఫ్టులను (వాల్వులను తెరిచి మూసే కడ్డీలను) తిప్పింది గొలుసే. డీనో 246లోని వి6కీ అంతే. 1973లో 308 జీటీ4తో వి8 వచ్చినప్పుడు గొలుసు పోయి పళ్ల రబ్బరు బెల్టులు వచ్చాయి. చప్పుడు తగ్గింది, బరువు తగ్గింది. కాకపోతే రబ్బరు కారు తిరిగినా తిరగకపోయినా పాతబడుతుంది. తెగిందంటే పిస్టన్లు వెళ్లి వాల్వులను గుద్దుతాయి. 328లో ఆ వాల్వులు 32.

1985లో వచ్చిన 328లో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది కాబట్టి బెల్టులున్న కొస కుడి వెనక చక్రం వైపుకు వస్తుంది. 1989లో 348 కోసం, బరువు నేలకు దగ్గరగా ఉండాలని ఇంజిన్‌ను కారు పొడవునా ఉండేలా తిప్పి కిందికి దింపారు. దాంతో బెల్టులు సీట్ల వెనక గోడ వైపుకు పోయాయి. వాటిని మార్చాలంటే ఇంజిన్, గేర్‌బాక్స్, వెనక సస్పెన్షన్ మొత్తం సబ్‌ఫ్రేమ్‌తో (వాటిని మోసే చట్రంతో) సహా కిందికి రావాల్సిందే. ఎఫ్355దీ అదే కథ. 1999లో 360 మోడెనాకి సీట్ల వెనక ప్యానెల్ విప్పితే బెల్టులు అందేలా చేశారు. 2004లో ఎఫ్430తో మళ్లీ గొలుసుకే వచ్చారు.

ఇక పని ఎలా చేయాలో చూద్దాం. కారును జాక్ స్టాండ్ల మీద నిలబెట్టి, బ్యాటరీ తీగ తీసేసి, కుడి వెనక చక్రం, దాని లోపలి లైనర్ విప్పాలి. స్పార్క్ ప్లగ్గులు తీసేస్తే ఇంజిన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. ఆల్టర్నేటర్, ఏసీ బెల్టులు, క్రాంక్ పుల్లీ, టైమింగ్ కవర్లు, ఆపైన క్యామ్ కవర్లు వరసగా తీయాలి. ఫ్లైవీల్ మీద ‘పీఎం 1-4’ గీత (ఒకటో, నాలుగో సిలిండర్ల పిస్టన్లు పైకొసకు చేరాయనే గుర్తు) సూచికకు ఎదురుగా వచ్చేదాకా ఇంజిన్ తిప్పితే, ప్రతి క్యామ్‌షాఫ్టు మీది గీతా దాని బేరింగ్ క్యాప్ మీది గీతతో కలవాలి.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. బెల్టు తీయగానే వాల్వ్ స్ప్రింగుల ఒత్తిడికి క్యామ్‌షాఫ్టు టక్కున తిరిగిపోతుంది. అందుకే ముందే పుల్లీలను క్లాంపుతో బిగించి ఉంచాలి. రెండు బెల్టులూ, రెండు టెన్షనర్ (బెల్టును బిగువుగా ఉంచే భాగం) బేరింగులూ, క్యామ్ సీళ్లూ ఒకేసారి మార్చాలి. పాత సీలు నుంచి నూనె కారితే కొత్త బెల్టు కూడా పాడవుతుంది. బెల్టులను తిప్పే కింది పుల్లీల బేరింగులను చేత్తో తిప్పి చూడండి, గరగరలాడితే అవీ మార్చాలి. టెన్షనర్ నట్టు వదులు చేసి, స్ప్రింగును దాని పని దాన్ని చేసుకోనిచ్చి బిగించాలి. అంతేగానీ మన బలం వాడకూడదు. ఎక్కువ బిగిస్తే సన్నటి ఈల మోత వస్తుంది, బేరింగులు అరుగుతాయి. చివర్లో ఇంజిన్‌ను సరైన దిశలో రెండు పూర్తి చుట్లు తిప్పి గీతలన్నీ మళ్లీ చూడాలి. ఒక్క పన్ను తేడా ఉన్నా విప్పి మొదటికి రావాల్సిందే.

క్లచ్ కూడా ఎడమ వెనక చక్రం వైపు నుంచి అందుతుంది. 348కి మారినవాళ్లు ఈ సుఖాన్ని బాగా తలుచుకుంటారు.

అలాగని ఇది తేలిక పని అనుకోవద్దు. వెనక బ్యాంకు (సిలిండర్ల వరస) దగ్గర హాయిగా ఉంటుంది గానీ, క్యాబిన్ వైపు బ్యాంకు దగ్గర చెయ్యి తిరగదు, కళ్లకు కనపడదు, అద్దం పెట్టుకుని చూడాలి. అదే వైపున్న వాటర్ పంపు కారుతుంటే పని రెండింతలవుతుంది. ముందువైపు ఎగ్జాస్ట్ స్టడ్డు విరిగితే ఎంత చక్రం విప్పినా లాభం లేదు, ఇంజిన్ దించే మాట మళ్లీ వస్తుంది.

మిగతావి క్లుప్తంగా: గేర్‌బాక్స్ నూనె వేడెక్కేదాకా రెండో గేరు మొరాయిస్తుంది, అప్పటిదాకా ఒకటి నుంచి మూడుకు వెళ్లడమే మేలు. ఫ్యూజు పెట్టెలో కనెక్టర్లు వేడికి కరుగుతాయి, ఏటా విప్పి చూడండి. ఏసీ బలహీనం. అమెరికాలోని డల్లాస్ లాంటి ఎండలు మండే చోట మే నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం పూట నడపలేరు.

సొంత గ్యారేజీ, రోజువారీ పనులకు వేరే కారు, పనిముట్లంటే ఇష్టం ఉన్నవాళ్లకైతే ఇది కొనండనే అంటాను. ఈ మూడింట్లో ఏది లేకపోయినా గొలుసున్న ఎఫ్430 వైపు చూడటం మంచిది. కొనేటప్పుడు మాత్రం కిలోమీటర్లు కాదు, చివరిసారి బెల్టులు మార్చిన బిల్లు మీది తేదీ అడగండి. ఐదేళ్లు దాటినా, అసలు బిల్లే లేకపోయినా, ఇంజిన్ స్టార్ట్ చేయించకుండా ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి బేరం మొదలుపెట్టండి.